కోర్టు అప్పగించే చైల్డ్ వెల్ఫేర్ కేసులు: కొత్త లాయర్లకి మెంటరింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో లా చదివి బార్ పాసై, కోర్టు అపాయింట్‌మెంట్ లిస్టులో పేరు ఇద్దామా అని ఆలోచిస్తున్న మన తెలుగు పిల్లలు ఈమధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు, అలాగే పదిహేనేళ్ళుగా ఈ పనిలో ఉండి ఇప్పుడు వేరేవాళ్ళకి నేర్పమంటే ఎక్కడ మొదలెట్టాలో తెలియట్లేదు అనేవాళ్ళు కూడా. ఇద్దరికీ కలిపి ఒకేచోట రాస్తున్నా. రాష్ట్రాన్ని బట్టి పేర్లు మారతాయి, ఒకచోట డిపెండెన్సీ కోర్టు అంటారు, ఇంకోచోట జువెనైల్ కోర్టు, మరోచోట ఫ్యామిలీ కోర్టు. మీ రాష్ట్రం చట్టం పక్కన పెట్టుకుని ఇది చదవండి.

అసలు ఇవి ఎలాంటి కేసులు? లాయర్ని కోర్టే ఎందుకు పెడుతుంది?

పిల్లల్ని కొడుతున్నారనో, పట్టించుకోవట్లేదనో, ఇంట్లో డ్రగ్స్ ఉన్నాయనో ఎవరో హాట్‌లైన్‌కి ఫోన్ చేస్తారు, పిల్లల సంక్షేమం చూసే ప్రభుత్వ ఏజెన్సీ నుంచి ఇన్వెస్టిగేటర్ వస్తారు, ప్రమాదం ఉందనుకుంటే బిడ్డని తీసుకెళ్ళి ఫోస్టర్ కేర్‌లో, అంటే తాత్కాలికంగా వేరేవాళ్ళ సంరక్షణలో పెట్టి కోర్టులో పిటిషన్ వేస్తారు. అది సరిగ్గా ఎదుర్కోకపోతే చివరికి టెర్మినేషన్ దాకా పోతుంది, అంటే చట్టం దృష్టిలో ఆ తల్లి ఇక ఆ బిడ్డకి తల్లి కాదు. ఇంత పెద్ద విషయంలో కూడా ప్రతి తల్లికీ తండ్రికీ లాయర్ని ఇచ్చి తీరాలని రాజ్యాంగం చెప్పట్లేదు, కేసుని బట్టి చూసుకోవాలి అని 1981లో లాసిటర్ కేసులో సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. అయినా చాలా రాష్ట్రాలు తమ సొంత చట్టాల్లో ఆ హక్కు రాసుకున్నాయి, అందుకే మనకి ఈ పని ఉంది.

పిల్లల సంగతి వేరు. 1974లో వచ్చిన క్యాప్టా అనే ఫెడరల్ చట్టం కింద గ్రాంటు కావాలంటే రాష్ట్రం ప్రతి పిల్లాడికీ కోర్టు కేసులో ఒక గార్డియన్ ఆడ్ లైటమ్‌ని, అంటే ఆ కేసు వరకు పిల్లాడి తరఫున నిలబడే మనిషిని పెట్టాలి. ఆ మనిషి లాయర్ కావచ్చు, ట్రైనింగ్ అయిన వాలంటీర్ కావచ్చు, ఇద్దరూ ఉండొచ్చు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఇక్కడ క్లయింటు వకాలత్ మీద సంతకం పెట్టి మిమ్మల్ని ఎంచుకోలేదు. కోర్టు ఎంచింది. ఆ తల్లికి మీరు కూడా "వాళ్ళ మనిషే". బిడ్డని తీసుకుపోయిన కోర్టే మిమ్మల్ని పంపింది కదా మరి. నమ్మకం సున్నా దగ్గర మొదలవుతుంది.

ట్రైనింగ్ ఎలాగూ ఇస్తారు కదా, మళ్ళీ మెంటర్ ఎందుకు?

ట్రైనింగ్ చట్టం చెప్తుంది. కాలిఫోర్నియా సంగతే చూడండి, డిపెండెన్సీ కేసు తీసుకునే ముందు కనీసం 8 గంటల ట్రైనింగో లేదా సరిపడా ఇటీవలి అనుభవమో ఉండాలి. 8 గంటలు అంటే ఒక్క రోజు. ఒక్క రోజులో షెల్టర్ హియరింగ్ (బిడ్డని తీసుకెళ్ళిన వెంటనే జరిగే మొదటి విచారణ) అంటే ఏంటి, టైమ్‌లైన్లు ఏంటి అనేది తెలుస్తుంది గానీ, నాలుగేళ్ళ పిల్ల మీతో మాట్లాడకుండా సోఫా వెనక దాక్కుంటే ఏం చేయాలి, క్లయింటు కోర్టుకి రాకపోతే జడ్జితో ఏమనాలి, కేస్‌వర్కర్ "మేం చూసుకుంటాం లెండి" అంటే నమ్మాలా వద్దా, ఇవన్నీ స్లైడ్లలో ఉండవు.

మిషిగన్ యూనివర్సిటీ లా స్కూల్ వాళ్ళు ఫెడరల్ డబ్బుతో 2009లో ఒక ప్రాజెక్టు మొదలెట్టారు, పిల్లల తరఫు లాయర్లకి ఏ నైపుణ్యాలు ముఖ్యం అని. జార్జియాలో, వాషింగ్టన్ స్టేట్‌లో లాయర్లకి ఆరు విషయాల్లో ట్రైనింగ్ ఇచ్చారు, ఊరికే క్లాసు చెప్పి వదిలేయకుండా తర్వాత కూడా కోచింగ్ కొనసాగించారు. ఆ ఆరింట్లో మొట్టమొదటిది పిల్లాడి ప్రపంచంలోకి వెళ్ళడం. కోర్టులో బాగా వాదించడం అన్నది ఆరోది. ఆ వరుసే నాకు చాలా నచ్చుతుంది, ఎందుకంటే కొత్తవాళ్ళందరూ ఆరోదానితో మొదలెడతారు.

మెంటర్‌గా నా పని మొత్తం ఒక్క ముక్కలో చెప్పమంటే, హియరింగ్‌కి ముందు క్లయింటుని వాళ్ళు ఉండే చోటే కలిసి వచ్చేలా కొత్త లాయర్ని అలవాటు చేయడం. మిగతావి నెమ్మదిగా వస్తాయి.

రేపు పొద్దున్నే హియరింగ్, ఇవాళ సాయంత్రం అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఈమెయిల్‌లో వచ్చింది. ఏం చేయాలి?

ముందు ఫోన్ చేయండి. పిటిషన్ చదవడం తర్వాత. క్లయింటు తల్లి అయితే ఆవిడ నంబరు పిటిషన్‌లో ఉందేమో చూడండి, లేకపోతే కేస్‌వర్కర్ని అడగండి. అయిదు నిమిషాలు చాలు, నేను మీ లాయర్ని, ఏజెన్సీ మనిషిని కాదు, రేపు ఇన్ని గంటలకి ఫలానా తలుపు దగ్గర ఉంటాను, ఈలోగా ఎవరితోనూ కేసు గురించి మాట్లాడకండి, బిడ్డని ఉంచుకోగల చుట్టాల పేర్లు ఫోన్ నంబర్లు రాసిపెట్టుకోండి. అంతే. అమ్మమ్మో పిన్నో ఎవరో ఉంటే ఆ ఒక్క కాగితంతో రేపు బిడ్డ ముక్కూమొహం తెలియని ఇంటికి పోకుండా ఆపొచ్చు.

తర్వాత పిటిషన్ చదువుతూ రెండు చూడండి. బిడ్డని తీసుకెళ్ళకుండా ఆపడానికి ఏజెన్సీ చేసిన రీజనబుల్ ఎఫర్ట్స్ (తగినంత ప్రయత్నాలు) ఏంటో రాశారా, రాస్తే నిజంగా చేశారా. ఇంట్లో ఉంచడం బిడ్డ సంక్షేమానికి విరుద్ధం అని జడ్జి మొదటి ఆర్డర్‌లోనే తేల్చాలి, అది లేకపోతే ఆ ఫోస్టర్ కేర్ మొత్తానికి టైటిల్ ఫోర్-ఈ అనే ఫెడరల్ డబ్బు రాష్ట్రానికి రాదు. అందుకే చాలా చోట్ల ఈ ఫైండింగ్‌లు ముందే అచ్చేసిన ఫారంలో టిక్కు కొట్టేసి వెళ్ళిపోతుంటారు. కొత్త లాయర్ లేచి "యువరానర్, ఏ ఎఫర్ట్స్ చేశారో రికార్డు మీద చెప్పమనండి" అని ఒక్కసారి అడిగితే కోర్టు హాలులో గాలి మారిపోతుంది, నేను చాలాసార్లు చూశా.

మూడోది విజిట్లు. బిడ్డని తల్లి ఎప్పుడు, ఎక్కడ, వారానికి ఎన్నిసార్లు చూస్తుంది అనేది మొదటి రోజే ఆర్డర్‌లో పడాలి. "ఏజెన్సీ విచక్షణ మేరకు" అని రాయనిస్తే మూడు వారాలు ఇట్టే పోతాయి. ఏడు నెలల బిడ్డకి మూడు వారాలంటే ఎంతో ఆలోచించండి.

పిల్లాడి లాయర్‌గా వేశారు. పిల్లాడు చెప్పింది వాదించాలా, పిల్లాడికి ఏది మంచిదో అది వాదించాలా?

అందరూ అడిగే ప్రశ్న, నిజంగా కష్టమైన ప్రశ్న కూడా. సమాధానం మీ రాష్ట్ర చట్టంలో, మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఉంటుంది. మిషిగన్‌లో లాయర్-గార్డియన్ ఆడ్ లైటమ్ అంటారు, వాళ్ళు బిడ్డ మేలు ఏదో చూసి వాదిస్తారు. టెక్సస్‌లో అటార్నీ ఆడ్ లైటమ్ (పిల్లాడి లాయర్) వేరు, గార్డియన్ ఆడ్ లైటమ్ (పిల్లాడి మేలు చూసే మనిషి) వేరు. 2011లో అమెరికన్ బార్ అసోసియేషన్ ఆమోదించిన మోడల్ చట్టం మాత్రం పిల్లాడు మామూలు క్లయింటే, తను చెప్పిందే లాయర్ వాదించాలి అనే వైపు ఉంది. కాబట్టి ఆర్డర్ మీద మీ హోదా పేరు ఏం రాసుందో ముందు చూసుకోండి, అర్థం కాకపోతే క్లర్కుని అడగండి, సిగ్గుపడొద్దు.

నా దగ్గరికి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఏంటంటే, హోదా ఏదైనా పిల్లాడు ఏం కోరుకుంటున్నాడో జడ్జి చెవిన పడాలి. మీరు బెస్ట్ ఇంటరెస్ట్స్, అంటే బిడ్డ మేలు వైపు ఉన్నా సరే "తను అమ్మ దగ్గరికి వెళ్తానంటున్నాడు, నా సిఫారసు వేరు, కారణం ఇది" అని విడిగా చెప్పండి. రెండూ కలిపేసి పిల్లాడి గొంతు మింగేయొద్దు. అలాగే మొదటి మీటింగ్‌లోనే పిల్లాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి, నువ్వు చెప్పినవాటిలో ఏవి నేను దాచగలను, ఏవి దాచలేను అని. కొన్ని రాష్ట్రాల్లో లాయర్ కూడా అబ్యూజ్ రిపోర్ట్ చేయాల్సిందే, కొన్నింట్లో కాదు. అది తెలియకుండా "నాకు ఏదైనా చెప్పొచ్చు" అని మాటిచ్చేయడం చాలా పెద్ద తప్పు.

చిన్నపిల్లల్ని కలవడానికి వెళ్ళాలా? రిపోర్టు ఉంది కదా?

వెళ్ళాలి. టెక్సస్ అయితే చట్టంలోనే రాసేశారు, పిల్లాడికి నాలుగేళ్ళు నిండితే ప్రతి హియరింగ్‌కి ముందు అటార్నీ ఆడ్ లైటమ్ కలవాలి, అంతకంటే చిన్నదైతే ఎవరి దగ్గర ఉందో వాళ్ళనైనా కలవాలి, అదీ హియరింగ్‌కి తయారవ్వడానికి టైమ్ ఉండేట్టు కలవాలి. మీ రాష్ట్రంలో ఇంత వివరంగా లేకపోయినా ఇదే పాటించండి.

నేను పనిలోకి వచ్చిన తొలి ఏడాది ఒక రివ్యూ హియరింగ్‌కి ముందు పిల్లాడి దగ్గరికి వెళ్ళకుండా, రిపోర్టు మాత్రం చదువుకుని "పిల్లాడు ప్లేస్‌మెంట్‌లో బాగున్నాడు" అని జడ్జికి చెప్పా. ఆ పిల్లాడిని అంతకు రెండు రోజుల ముందే వేరే ఇంటికి మార్చేశారు, రిపోర్టు అంతకు ముందు వారం రాసింది. హియరింగ్ అయ్యాక ఆ సాయంత్రం వెళ్తే, కొత్త ఇంట్లో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, బట్టలు నల్ల చెత్త సంచీలో అలాగే ఉన్నాయి, ముడి కూడా విప్పలేదు. ఎందుకు విప్పలేదు అంటే "మళ్ళీ మారుస్తారుగా" అన్నాడు. తొమ్మిదేళ్ళు. ఆ ముడి నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంటుంది. మర్నాడే లిఖితపూర్వకంగా కోర్టుకి సరిదిద్ది చెప్పా, తప్పు రికార్డు మీద అలా ఉండనివ్వకూడదు. నా దగ్గర నేర్చుకునేవాళ్ళందరికీ ఇది మొదటి రోజే చెప్తా.

వెళ్ళినప్పుడు ఏం అడగాలి అంటే, కేసు గురించి అడగొద్దు. ఎక్కడ పడుకుంటావు చూపించు, స్కూల్ అదేనా మారిందా, తమ్ముడితో చివరిసారి ఎప్పుడు మాట్లాడావు, కళ్ళజోడు ఉందా. స్కూల్ సంగతి చిన్నదనుకోకండి, 2015 నాటి ఎస్సా చట్టం ప్రకారం ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లలు వాళ్ళకి మంచిదైతే పాత స్కూల్లోనే కొనసాగాలి, బస్సు ఎవరు పెట్టాలో స్కూలూ ఏజెన్సీ కూర్చుని తేల్చుకోవాలి. మీరు అడగకపోతే చాలాసార్లు ఎవరూ అడగరు.

తల్లిదండ్రుల తరఫు వేస్తే? వాళ్ళు తప్పు చేశారని రిపోర్టులో ఉంటే ఎలా వాదిస్తాం?

కొత్త లాయర్లలో సగం మందికి మనసులో ఇదే ఉంటుంది, పైకి అనరు. నేను వాళ్ళతో వాదించను, వాళ్ళని క్లయింటు పక్కన కూర్చోబెడతా.

ఒక కేసు చెప్తా, వివరాలు మార్చాను. ఒక తల్లి, ఇద్దరు పిల్లలు ఫోస్టర్ కేర్‌లో. రిపోర్టులో "కేస్ ప్లాన్‌కి సహకరించడం లేదు" అని నాలుగుచోట్ల ఉంది (పిల్లలు తిరిగి రావాలంటే తల్లి చేయాల్సినవాటి జాబితానే కేస్ ప్లాన్). నా దగ్గర ట్రైనింగ్‌లో ఉన్న అమ్మాయి ఆ మాట చదివి డీలా పడిపోయింది, ఇంకేం మిగిలింది వాదించడానికి అంది. సరే, ఒక తెల్లకాగితం తీసుకుని ఏడు గడులు గీయి, కేస్ ప్లాన్‌లో ఉన్నవన్నీ ఆ వారంలో పెట్టు అన్నా. ఆవిడ ఎదురుగానే కూర్చుని చెప్తుంటే ఈ అమ్మాయి రాస్తోంది. డ్రగ్ టెస్ట్‌కి ప్రతి మంగళవారం పొద్దున్నే ఫోన్ వస్తుంది, ఆ రోజే పదింటిలోపు ఊరికి అవతలున్న ల్యాబ్‌కి వెళ్ళాలి. మంగళ గురువారాలు పేరెంటింగ్ క్లాసు, తొమ్మిదిన్నరకి, ఇవతలి చివర. విజిట్ బుధవారం మధ్యాహ్నం, గంటసేపు. కౌన్సెలింగ్ శుక్రవారం. ఉద్యోగం గిడ్డంగిలో, నైట్ షిఫ్ట్, పొద్దున ఏడింటికి అయిపోతుంది. కారు లేదు. రెండు బస్సులు మారాలి, ఒక్కో వైపు గంటన్నర.

కాగితం నిండిపోయాక మంగళవారం గడిలో ఒకే టైమ్‌కి రెండుచోట్ల ఉండాల్సి వచ్చింది. ఆవిడ ప్రతి మంగళవారం ఏదో ఒకటి ఎగ్గొట్టి తీరాలి. అదే "సహకరించడం లేదు". మా అమ్మాయి ఆ కాగితాన్ని టైప్ చేసి ఎగ్జిబిట్‌గా పెట్టి, ఏజెన్సీ పెట్టిన ప్లాన్ మనిషి చేయగలిగేది కాదు కాబట్టి ఇవి రీజనబుల్ ఎఫర్ట్స్ కావు అని మోషన్ వేసింది. జడ్జి కేస్‌వర్కర్ని పిలిచి ఆ గడి చూపించి అడిగారు. క్లాసు సాయంత్రానికి మారింది, ల్యాబ్ దగ్గరది ఇచ్చారు, బస్ పాస్ ఇచ్చారు. తర్వాతి రిపోర్టులో ఆ నాలుగు వాక్యాలూ లేవు. చట్టం మీద పెద్ద పరిశోధన ఏం చేయలేదు ఆ అమ్మాయి, క్లయింటు పక్కన నలభై నిమిషాలు కూర్చుంది.

న్యూయార్క్ సిటీలో తల్లిదండ్రులకి లాయర్‌తో పాటు సోషల్ వర్కర్, పేరెంట్ అడ్వొకేట్ (తల్లిదండ్రులకి తోడుండి సాయం చేసే మనిషి) ఉండే టీమ్‌ని ఇస్తే ఏమవుతుందో 2019లో వచ్చిన ఒక అధ్యయనం చూసింది. ఆ పిల్లలు నాలుగేళ్ళలో సగటున 118 రోజులు తక్కువ ఫోస్టర్ కేర్‌లో ఉన్నారు, భద్రత విషయంలో తేడా ఏం కనపడలేదు. తల్లి తరఫున గట్టిగా వాదిస్తే బిడ్డకి ప్రమాదం అని భయపడే కొత్త లాయర్లకి నేను ముందు ఇదే చెప్తా.

ఏ తేదీలు అసలు మర్చిపోకూడదు?

1997లో వచ్చిన ఆస్ఫా చట్టం ఈ పని మొత్తానికి గడియారం పెట్టింది. బిడ్డ ఫోస్టర్ కేర్‌లోకి వచ్చిన తేదీ నుంచి 12 నెలల్లోపు పర్మనెన్సీ హియరింగ్ (బిడ్డ శాశ్వతంగా ఎక్కడ ఉండాలో చూసే విచారణ) జరగాలి. గత 22 నెలల్లో 15 నెలలు ఫోస్టర్ కేర్‌లో ఉంటే ఏజెన్సీ టెర్మినేషన్ పిటిషన్ వేయాలి. ఇక్కడ ఒక మెలిక, "వచ్చిన తేదీ" అంటే తీసుకెళ్ళిన రోజు కాదు, అబ్యూజ్ లేదా నెగ్లెక్ట్ జరిగిందని కోర్టు తేల్చిన రోజు లేదా తీసుకెళ్ళిన 60వ రోజు, ఏది ముందైతే అది. కేసు వచ్చిన రోజే క్యాలెండర్ మీద లెక్కేసి ఫైలు అట్ట లోపల రాసుకోండి.

మినహాయింపులు కూడా ఉన్నాయి, బిడ్డ బంధువుల దగ్గర ఉన్నా, టెర్మినేషన్ వద్దనడానికి బలమైన కారణం రాసి ఉన్నా, ఏజెన్సీ ఇవ్వాల్సిన సర్వీసులు ఇవ్వకపోయినా పిటిషన్ వేయక్కర్లేదు. చాలామంది కొత్తవాళ్ళు 15 నెలలు అనగానే అయిపోయింది అనుకుంటారు, ఈ మూడింట్లో ఒక్కదానికైనా మీ దగ్గర కాగితాలు ఉన్నాయేమో చూడండి. టెర్మినేషన్ దాకా వస్తే రుజువు స్థాయి స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యం, అది 1982లో శాంటోస్కీ కేసులో సుప్రీంకోర్టు పెట్టింది. అప్పీల్ గడువు కొన్ని రాష్ట్రాల్లో మామూలు సివిల్ కేసుల కంటే చాలా తక్కువ ఉంటుంది, అది మీరే మీ రూల్స్‌లో చూసుకోండి, ఎవరి మాటా నమ్మొద్దు, నా మాట కూడా.

జడ్జి "ఈ బిడ్డ ఇండియన్ చైల్డా" అని అడిగారు. మన వాళ్ళ కుటుంబమే, అవునని చెప్పారు!

ఇది నిజంగా జరుగుతుంది, అందుకే విడిగా రాస్తున్నా. అక్కడ ఇండియన్ అంటే ఇండియా నుంచి వచ్చినవాళ్ళు కాదు, ఇక్కడి నేటివ్ అమెరికన్ తెగలు. 1978లో వచ్చిన ఇక్వా (ఇండియన్ చైల్డ్ వెల్ఫేర్) చట్టం కోసం అడిగే ప్రశ్న అది. తెగల పిల్లల్ని వాళ్ళ ఇళ్ళ నుంచి తీసుకుపోయి బయటి కుటుంబాలకి ఇచ్చేసిన చాలా బాధాకరమైన చరిత్ర దాని వెనక ఉంది. అందుకే ఆ కేసుల్లో తెగకి నోటీసు వెళ్ళాలి, ఏజెన్సీ రీజనబుల్ ఎఫర్ట్స్ కాదు, అంతకంటే గట్టివైన యాక్టివ్ ఎఫర్ట్స్ చేయాలి, టెర్మినేషన్‌కి క్రిమినల్ కేసులో లాగా సందేహానికి తావులేని రుజువు, దాంతోపాటు అర్హత ఉన్న నిపుణుడి సాక్ష్యం కావాలి. 2023లో బ్రాకీన్ కేసులో సుప్రీంకోర్టు 7-2తో ఈ చట్టాన్ని నిలబెట్టింది.

జడ్జి ప్రతి కేసులోనూ అందర్నీ రికార్డు మీద ఈ ప్రశ్న అడగాలి. మన కుటుంబం ఉంటే ముందే హాల్‌వేలో వివరించండి. మీ క్లయింటు ఎవరైనా సరే, వాళ్ళ ముఖం చూసి మీరే నిర్ణయించేసుకోకండి, తాతముత్తాతల దాకా అడగండి. ఆలస్యంగా బయటపడితే కేసు మళ్ళీ మొదటికొస్తుంది, అప్పటికి పిల్లాడు ఒక ఇంటికి అలవాటు పడిపోయి ఉంటాడు.

కేసు వివరాలు మెంటర్‌తో మాట్లాడొచ్చా?

ఒకే ఆఫీసు అయితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. బయటివాళ్ళయితే జాగ్రత్త. ఈ కేసులు చాలా రాష్ట్రాల్లో గోప్యం, పైగా క్లయింటు సంగతులు బయటపెట్టొద్దనే మోడల్ రూల్ 1.6 ఉంది. పేర్లు, ఊరు, స్కూలు లేకుండా ఊహించిన కేసులాగా అడగండి, అవతలివాళ్ళు గుర్తుపట్టే అవకాశం ఉంటే అదీ వద్దు. చిన్న కౌంటీల్లో లిస్టు మీద ఉండేదే ఏడెనిమిది మంది, మీ మెంటరే అదే కేసులో తండ్రి తరఫున ఉండొచ్చు. కాబట్టి మాట్లాడే ముందు "ఈ జడ్జి దగ్గర, ఈ నెల వేసిన కేసు, మీరు ఉన్నారా" అని అడగండి, ఉంటే అక్కడే ఆపేయండి. నేను మెంటరింగ్ మొదలెట్టేటప్పుడే ఇద్దరం కూర్చుని ఒక పేజీ రాసుకుంటాం, ఏవి మాట్లాడుకుంటాం, ఏవి మాట్లాడుకోం, క్లయింటు ఎవరి క్లయింటు (కొత్త లాయర్ క్లయింటే, నా క్లయింటు కాదు) అని.

మెంటర్ కోర్టులో పక్కన నిలబడి అందించాలా?

వద్దు. వెనక బెంచీలో కూర్చోవాలి. మధ్యలో చీటీలు పంపొద్దు, దగ్గొద్దు. మీరు ముందుకొస్తే జడ్జి ఆ తర్వాత మీ వైపే చూస్తారు, క్లయింటు కూడా మీ వైపే చూస్తుంది, ఇక ఆ కొత్త లాయర్ ఆ కోర్టులో లేచి నిలబడడానికి ఆరు నెలలు పడుతుంది. హక్కు శాశ్వతంగా పోయే పరిస్థితి వస్తే తప్ప, ఉదాహరణకి అప్పీల్‌కి కావాల్సిన అభ్యంతరం చెప్పకుండా వదిలేస్తుంటే, అప్పుడు రెండు నిమిషాల విరామం అడగమని సైగ చేయొచ్చు, అది కూడా ముందే అనుకున్న సైగ అయ్యుండాలి.

అసలు పని హియరింగ్ అయిన పది నిమిషాల తర్వాత ఉంటుంది. కారు దగ్గరికి నడుస్తూ మూడే అడుగుతా. క్లయింటుకి ఇప్పుడు ఏం అర్థమైందనుకుంటున్నావు? ఆర్డర్‌లో ఏం పడింది, చదివి చూశావా? తర్వాతి హియరింగ్‌లోపు నువ్వు ఎవరిని కలవాలి? బాగా వాదించావు, బాగా వాదించలేదు అనే మాట నేను ముందు ఎత్తను, అది ఎత్తితే మిగతావేవీ చెవికెక్కవు.

ఎన్ని కేసులు తీసుకోవచ్చు?

తల్లిదండ్రుల లాయర్లకి 2006లో అమెరికన్ బార్ అసోసియేషన్ పెట్టిన ప్రమాణాలు పూర్తికాలం పనిచేసేవాళ్ళకి 50 నుంచి 100కి మించొద్దు అంటాయి. నా లెక్కలో అది అనుభవం ఉన్నవాళ్ళకి. కొత్తవాళ్ళు మొదటి మూడు నెలలు మూడో నాలుగో చాలు. జార్జియాలో కెన్నీ ఏ అనే కేసు నడిచింది, ఒక్కో లాయర్‌కి వందల మంది పిల్లలు ఉన్న పరిస్థితి మీద, 2005లో ఫెడరల్ జడ్జి అక్కడి పిల్లలకి లాయర్ హక్కు ఉందని, ఆ లాయర్ సరిగ్గా పనిచేయగలిగి ఉండాలని తేల్చారు. వందల మంది ఉంటే ఎవరి మొహమూ గుర్తుండదు. "ఈ వారం కొత్త కేసు తీసుకోలేను" అని క్లర్కుకి ఎలా చెప్పాలో కూడా మెంటరే నేర్పాలి, ఎందుకంటే మళ్ళీ పిలవరేమో అని భయపడి కొత్తవాళ్ళు అసలు చెప్పరు.

డబ్బులు ఎలా?

తక్కువే. రాష్ట్రాన్ని బట్టి గంటకి ఇంత, లేదా కేసుకి ఇంత, వోచర్ పెట్టుకోవాలి. ఏ రోజు టైమ్ ఆ రోజే రాయండి, ఇంటికి వెళ్ళి కలిసిన టైమ్ కూడా. 2019 నుంచి పిల్లల, తల్లిదండ్రుల లాయర్ల మీద పెట్టే ఖర్చులో సగాన్ని, అర్హత ఉన్న కేసుల వరకు, రాష్ట్రాలు ఫెడరల్ ప్రభుత్వం నుంచి రాబట్టుకునే వీలు వచ్చింది, మీ రాష్ట్రం వాడుకుంటోందో లేదో బార్ మీటింగ్‌లో అడగండి.

తెలుగు కుటుంబం కేసు వచ్చింది, నేనే అనువాదం చేసెయ్యొచ్చా?

మీ ఇద్దరి మధ్య మాట్లాడుకోవడానికి తెలుగు వాడండి, అంతకంటే అదృష్టం లేదు ఆ క్లయింటుకి. కోర్టులో మాత్రం ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి. మీరు ఒకేసారి లాయర్, అనువాదకుడు రెండూ కాలేరు, సాక్ష్యంలో ఒక మాట తేడా వస్తే మీరే సాక్షి అవుతారు. "నాకు ఇంగ్లీషు వచ్చండీ" అని క్లయింటు అంటారు, ఆఫీసులో మాట్లాడే ఇంగ్లీషు వేరు, బిడ్డ పోతుందనే భయంలో మాట్లాడే ఇంగ్లీషు వేరు. "ఒక దెబ్బ వేశాను" అన్నది రిపోర్టులోకి వెళ్ళేసరికి ఏ ఇంగ్లీషు మాటగా మారిందో తప్పకుండా చూడండి.

ఇంకోటి, వీసా మీద ఉన్న కుటుంబం అయితే ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడక్కుండా ఏ ఒప్పుకోలు మీదా సంతకం పెట్టనివ్వకండి. పక్కన క్రిమినల్ కేసు ఉంటే మరీనూ, పిల్లల మీద అబ్యూజ్ శిక్ష పడితే దేశం నుంచి పంపేసే కారణాల్లో అది ఒకటి. మన సమాజంలో ఎవరికీ తెలియకూడదు అనే భయం కూడా చాలా ఉంటుంది. వాళ్ళ పేరు, వాళ్ళ సంగతి గుళ్ళో గానీ వాట్సాప్ గ్రూపులో గానీ మీ నోటి నుంచి రాకూడదు, మీ ఇంట్లో కూడా రాకూడదు.

రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు. నేను ఈ పనికి పనికిరానా?

అది కాదు. ఇలాంటి ఫైళ్ళు రోజూ చదివితే మనిషికి దెబ్బ తగులుతుంది, దానికి సెకండరీ ట్రామా అని పేరు కూడా ఉంది. మెంటర్లు నెలకి ఒకసారైనా కేసు గురించి కాకుండా మనిషి గురించి అడగాలి, తింటున్నావా, పడుకుంటున్నావా, ఏ కేసు ఇంటికి వస్తోంది అని. బార్ అసోసియేషన్లకి లాయర్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్‌లు ఉంటాయి, గోప్యంగా మాట్లాడొచ్చు. రెండు కేసులు వేరేవాళ్ళకి అప్పగించమంటే అప్పగించండి, అప్పగించేటప్పుడు ఆ పిల్లాడి దగ్గరికి మీరే వెళ్ళి కొత్త లాయర్ని పరిచయం చేయండి. వాళ్ళ జీవితంలోంచి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

మా కౌంటీలో మెంటర్ ప్రోగ్రామ్ ఏం లేదు. ఎవరిని అడగాలి?

ముందు నేషనల్ అసోసియేషన్ ఆఫ్ కౌన్సెల్ ఫర్ చిల్డ్రన్‌లో చూడండి, 1977 నుంచి ఉన్న సంస్థ, చైల్డ్ వెల్ఫేర్ లాయర్లకి స్పెషలిస్టు సర్టిఫికేషన్ ఇచ్చేది వాళ్ళే, మీ రాష్ట్రంలో సర్టిఫై అయినవాళ్ళు ఎవరో తెలుస్తుంది. కొలరాడో లాంటి చోట్ల పిల్లల లాయర్లకీ తల్లిదండ్రుల లాయర్లకీ రాష్ట్ర స్థాయిలో విడివిడిగా ఆఫీసులే ఉన్నాయి.

ఏదీ దొరక్కపోతే డాకెట్ (వరసగా విచారణకొచ్చే కేసుల లిస్టు) ఉన్న రోజు పొద్దున్నే కోర్టుకి వెళ్ళి హాల్‌వేలో కూర్చోండి (హియరింగ్‌లు మూసిన తలుపుల వెనక జరిగితే లోపలికి రానివ్వమని జడ్జి క్లర్కుని ముందే అడగండి). లాయర్లు వస్తుంటారు, పోతుంటారు. వాళ్ళలో ఒకరు క్లయింటు పక్కనే బెంచీ మీద కూర్చుని మాట్లాడుతుంటారు, నిలబడి కాదు. ఫోస్టర్ ఇంటి నుంచి వచ్చిన పిల్లలు వాళ్ళని చూసి పేరు పెట్టి పిలుస్తారు. డాకెట్ అయ్యేదాకా ఆగి, వాళ్ళ దగ్గరికి వెళ్ళి, వచ్చే వారం మీతో పాటు ఒక హోమ్ విజిట్‌కి రావచ్చా అని అడగండి, క్లయింటు ఒప్పుకుంటేనే అని కూడా చెప్పండి.

ఇంకొకరికి నేర్పడం ఎప్పుడు మొదలెట్టొచ్చు?

ఒక కేసుని మొదటి షెల్టర్ హియరింగ్ నుంచి మూసేదాకా మీరే నడిపాక. ఒకటైనా బిడ్డ ఇంటికి వెళ్ళిన కేసు ఉండాలి, ఒకటైనా వెళ్ళని కేసు ఉండాలి. ఆ రెండోదాని తర్వాత తల్లికి మీరు ఫోన్ చేశారా లేదా అన్నది నేను అడుగుతా.